పేరు తెలియని కడుపునొప్పి



మన తెలుగులో కడుపుకు ఉన్నన్ని మాటలు మరే అవయవానికీ లేవేమో! బిడ్డ మీది మమకారం కడుపుతీపి. బిడ్డను పోగొట్టుకున్న దుఃఖం కడుపుకోత. ఓర్వలేనితనం కడుపుమంట. ఇంటి సంగతి బయట చెప్పుకోవలసి వస్తే "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది" అని నోరు మూసుకుంటాం. ఇన్ని మాటలున్న మనకు నిజంగానే కడుపులో నొప్పి పుట్టి, అది వారం కాదు, నెల కాదు, ఏళ్ళ తరబడి వస్తూ పోతూ వుంటే, పరీక్షలలో ఏమీ తేలకపోతే, అప్పుడు మాత్రం చెప్పుకోవడానికి మాట దొరకదు.

చెప్పినా ఏమంటారు? అత్తగారు, "వేడి చేసి వుంటుందమ్మా, కాస్త మజ్జిగ తాగు" అంటారు. పక్కింటి పిన్నిగారు, "ఏముంది, గ్యాసేగా!" అంటారు. ఇంటాయన రిపోర్టుల కవరు బల్ల మీద పెట్టి, "అన్నీ నార్మలేగా, ఇంకా ఏమిటి?" అంటారు. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. కనిపించని నొప్పిని నమ్మడం కష్టం, అంతే. జ్వరమైతే థర్మామీటరు సాక్ష్యం చెబుతుంది. చెయ్యి విరిగితే కట్టు కనిపిస్తుంది. ఈ నొప్పికి సాక్షి లేదు. కొన్నాళ్ళకు మనకే అనుమానం పుడుతుంది, "నిజంగా నొప్పేనా, నేనే ఊహించుకుంటున్నానా?" అని.

నేను డాక్టరును కాను. మీలాగే ఇల్లు చక్కబెట్టుకునే మనిషిని. నాలుగేళ్ళకు పైగా పొత్తికడుపులో కుడివైపు నొప్పితో కాపురం చేస్తున్నదాన్ని. ఈ నాలుగేళ్ళలో డాక్టర్ల దగ్గర విన్నదీ, చదివి తెలుసుకున్నదీ, నాకు అక్కరకు వచ్చినదీ మీతో చెప్పుకుందామని ఈ ప్రసంగం.

ముందుగా ఒక్క మాట. రిపోర్టు నార్మల్ అంటే నొప్పి అబద్ధమని అర్థం కాదు. ఆ పరీక్ష చూడగలిగిన చోట, చూడగలిగినంతలో, ఏమీ కనబడలేదని మాత్రమే అర్థం. కడుపు మీద జిగురు రాసి చేసే అల్ట్రాసౌండు స్కానింగుకు పిత్తాశయంలోని రాళ్ళు బాగా కనిపిస్తాయి. కాని పేగుల లోపలి సంగతి అంతగా తెలియదు. ఎండోస్కోపీకి జీర్ణకోశం లోపలి పొర కనిపిస్తుంది. ఆ పేగు ఎలా కదులుతున్నదో, దాని నరాలు ఎంత సున్నితంగా వున్నాయో కనిపించదు. గడియారాన్ని ఫొటో తీస్తే ముళ్ళు కనబడతాయి గాని అది నడుస్తున్నదో ఆగిందో తెలియదు కదా!

ఒకప్పుడు కడుపులో పుండు అనగానే "దిగులు పడతావు, కారం తింటావు, అందుకే" అని రోగినే తప్పు పట్టేవారు. 1982లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు అక్కడ ఒక సూక్ష్మజీవి కాపురముంటున్నదని గుర్తించారు. చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్‌గారు ఆ సూక్ష్మజీవులున్న ద్రవాన్ని తానే తాగి, కడుపు జబ్బు తెచ్చుకుని చూపించారు! 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ అలాంటి పుండు రెండు వారాల మందులతో మానిపోతున్నది. అంతకు ముందు "మనోవ్యాధి" అనిపించుకున్న ఆ రోగుల నొప్పి అబద్ధమా? కాదు. దాని కారణం అప్పటికి తెలియలేదు, అంతే.

అయితే నొప్పిని ఓర్చుకుంటూ నెమ్మదిగా కారణం వెతకడం వేరు, ఆలస్యం చేయకూడని గుర్తులను ఓర్చుకోవడం వేరు. ఈ రెండో రకం సంగతి ముందు చెబుతాను. వాంతిలో గాని విరోచనంలో గాని నెత్తురు పడటం, విరోచనం తారులాగా నల్లగా రావడం, తిండి తగ్గించకుండానే బరువు తగ్గిపోవడం, సాయంత్రం పూట జ్వరం, కళ్ళు పచ్చబడటం, నెత్తురు తక్కువై ఆయాసం రావడం, నొప్పికి నిద్రలోంచి లేవవలసి రావడం, చేతికి గడ్డ తగలడం - వీటిలో ఏది వున్నా త్వరగా చూపించుకోవాలి. యాభై దాటాక కొత్తగా నొప్పి మొదలైనా, పొట్ట ఎప్పుడూ ఉబ్బి వుండి నాలుగు ముద్దలకే నిండిపోతున్నా అశ్రద్ధ చేయవద్దు. అండాశయం జబ్బులు కొన్ని ఇలాగే మొదలవుతాయి. ఇక హఠాత్తుగా భరించలేని నొప్పి వచ్చి పొట్ట బల్లలా గట్టిపడినా, నెల తప్పిన మనిషికి కడుపునొప్పితో కళ్ళు తిరిగినా, అది ఇంట్లో వుండవలసిన సమయం కాదు. వంట సగంలో వున్నా సరే, స్టవ్ ఆర్పి ఆస్పత్రికి బయలుదేరండి.

ఇవేవీ లేవు, అయినా నొప్పి వున్నది అనుకోండి. అప్పుడు మన చేతిలో వున్న ఆయుధం ఒకటే. ఒక నోటుపుస్తకం.

నవ్వకండి. పాలవాడి లెక్క, చాకలిపద్దు, చీటీపాట వాయిదాలు ఇన్నేళ్ళుగా రాస్తున్నవాళ్ళం. నొప్పి లెక్క రాయలేమా? డాక్టరుగారి ముందు కూర్చున్న అయిదు నిమిషాలలో "ఎప్పుడు వస్తుందమ్మా?" అని అడిగితే మనం ఏమంటాం? "ఎప్పుడూ వస్తుందండీ!" అంటాం. ఎక్కడమ్మా అంటే పొట్టంతా నిమిరి చూపిస్తాం. అందులోంచి ఆయన ఏం తీసుకోగలరు?

పుస్తకంలో రోజుకు నాలుగు ముక్కలు చాలు. ఎన్ని గంటలకు మొదలైంది, ఎంతసేపు వుంది. ఎక్కడ వచ్చింది. దీనికి బొడ్డును నడిమధ్య పెట్టుకుని పైన, కింద, కుడి, ఎడమ అని రాయండి. వీపుకు గాని తొడకు గాని పాకిందేమో కూడా రాయండి. మూడోది, ఎలాంటి నొప్పి. ఇందుకు మనకు భాషలో కొదవ లేదు. పిండినట్టు, మెలిపెట్టినట్టు, గుచ్చినట్టు, లాగినట్టు, మండినట్టు, రాయి పెట్టినట్టు బరువుగా - ఏది నిజమైతే అది. తీవ్రతకు సున్నా నుంచి పది దాకా మార్కులు వేయండి. కాన్పు నొప్పులు పడినవారు దాన్ని పది అనుకుంటే కొలత సులువు. నాలుగోది, ముందూ వెనుకా ఏం జరిగింది. ఏం తిన్నారు, విరోచనం ఎలా అయింది, అయ్యాక నొప్పి తగ్గిందా పెరిగిందా, నెలసరిలో ఎన్నో రోజు, ఏ మాత్ర వేసుకున్నారు, రాత్రి నిద్ర పట్టిందా. ఎర్రసిరాతో నెలసరి రోజులకు గుర్తు పెట్టండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇలా రాస్తే, కనబడని నొప్పికి ఒక ఆకారం వస్తుంది.

ఆ ఆకారం ఎంత చెబుతుందో చూడండి. భారీ భోజనం తరువాత, అందులోనూ నేతివంటలూ వేపుళ్ళూ తిన్నాక, కుడి డొక్క కింద పట్టేసి భుజం దాకా పాకే నొప్పి అయితే పిత్తాశయం రాళ్ళేమో చూడాలి. వారానికి ఒకరోజయినా వస్తూ, విరోచనంతో తగ్గుతూనో పెరుగుతూనో వుండి, ఒకసారి మలబద్ధకం ఒకసారి విరోచనాలు అయితే, దాన్ని ఐ.బి.ఎస్. అంటారు. పేగు చూడటానికి బాగానే వుంటుంది, దాని నడకా నరాల సున్నితత్వమూ మారతాయి. నెలసరికి ముందూ అప్పుడూ విపరీతమై, దాంపత్యంలో గాని విరోచనమప్పుడు గాని నొప్పి వుంటే ఎండోమెట్రియోసిస్ అనేది ఆలోచించాలి. గర్భసంచి లోపలి పొర వంటిది బయట కూడా పెరగడం ఆ జబ్బు. సంతానవయసులో వున్న స్త్రీలలో సుమారు నూటికి పదిమందికి వుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మామూలు స్కానింగులో చాలాసార్లు చిక్కదు. "ఆడపుట్టుక పుట్టాక ఇవన్నీ మామూలే" అన్న మాట వల్ల ఏళ్ళకు ఏళ్ళు బయటపడదు. బరువు తగ్గుతూ, సాయంకాలం ఒళ్ళు వెచ్చబడుతూ వుంటే పేగుల క్షయ కూడా మన దేశంలో మరిచిపోకూడని సంగతి. ఊపిరితిత్తులు బాగానే వుండి కడుపులో మాత్రమే క్షయ వుండవచ్చు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. నొప్పి కడుపు లోపల కాకుండా కడుపు గోడలో వుండవచ్చు. అక్కడి నరం నొక్కుకుపోయినా, పాత ఆపరేషన్ కుట్టు దగ్గర చిక్కుకున్నా ఇలా వస్తుంది. 1926లో కార్నెట్ అనే అమెరికా సర్జను దీనికి ఒక చిన్న పరీక్ష చెప్పాడు. వెల్లకిలా పడుకోబెట్టి, నొప్పి వున్న చోట వేలు పెట్టి, తలా భుజాలూ పైకెత్తమంటారు. కండ బిగిసినప్పుడు నొప్పి పెరిగితే అది గోడ సంగతి అయి వుండవచ్చు. వేలితో ఒకే చోట చూపించగల నొప్పి అయితే, "ఇది పైపొరలోది కావచ్చాండీ?" అని డాక్టరుగారిని అడగండి. అదే అయితే సూదిమందుతో తగ్గినవాళ్ళు వున్నారు.

నా పుస్తకం నాకు సగం దారి చూపింది. ఎనిమిది వారాల పద్దు చూస్తే, సగం నొప్పులు పొద్దుటి పెద్దగ్లాసు కాఫీ తరువాత గంటా రెండు గంటలలోపే వచ్చాయి. డాక్టరుగారి సలహాతో పాలు మూడు వారాలు మాని, మళ్ళీ తాగి చూశాను. పాలలోని చక్కెర నాకు అరగడం లేదని తేలింది. పెద్దవాళ్ళయ్యాక ఇది మనలో చాలామందికి వుండేదే. పెరుగు మాత్రం సరిపడుతున్నది. మిగిలిన సగం నొప్పికి ఇంకా పేరు రాలేదు. కాని నెలకు పదిహేను రోజులు పడేది ఏడెనిమిది రోజులకు వచ్చిందంటే చిన్న సంగతా!

ఇక డాక్టరు దగ్గరకు వెళ్ళే పద్ధతి. నెలకొక డాక్టరును మార్చకండి. కొత్త డాక్టరు మళ్ళీ మొదటి పరీక్ష నుంచి మొదలుపెడతారు, డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది. ఓపికగా వినే ఒకరిని ఎంచుకుని, వారు పంపితేనే మరొకరి దగ్గరకు వెళ్ళండి. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసన ఒక ఫైలులో పెట్టండి. పుస్తకం మొత్తం చదవమనకుండా, సారాంశం ఒక కాగితం మీద పది పంక్తులలో రాసి ఇవ్వండి. లేచి వచ్చేముందు మూడు ప్రశ్నలు అడగండి. "మీకు ఏమేమి అనుమానం వుందండీ? ఈ పరీక్షలో ఏమీ తేలకపోతే తరువాత ఏం చేద్దాం? మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?" మనం అడిగితే వాళ్ళేమీ అనుకోరు. అడగనిదే అమ్మయినా పెట్టదన్నారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. మన ప్రాంతంలో కడుపునొప్పి అనగానే గర్భసంచి మీదికి పోవడం ఒక అలవాటయిపోయింది. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకా దానితో పనేముంది, తీయించేసుకో" అని చుట్టాలూ అంటారు, కొన్ని ఆస్పత్రులలోనూ అంటారు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిదిమంది, తెలంగాణలో సుమారు ఎనిమిదిమంది. దేశంలోకెల్లా ఇవే ఎక్కువ! అనవసరంగా ఈ ఆపరేషన్లు జరగకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శక సూత్రాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

నాతోనూ ఒక ఆస్పత్రిలో ఈ మాట అన్నారు. నా పుస్తకం తెరిచి, "నొప్పికీ నెలసరికీ ఎక్కడా పొంతన లేదండీ, మరి గర్భసంచి తీస్తే ఎలా తగ్గుతుంది?" అని అడిగాను. సూటిగా సమాధానం రాలేదు. వేరే స్త్రీవైద్యురాలికి చూపిస్తే, గర్భసంచి నిక్షేపంగా వుంది, దాని జోలికి పోవలసిన పని లేదన్నారు. ఆ ఆపరేషన్ నిజంగా అవసరమైనవాళ్ళు వుంటారు, వాళ్ళకది ప్రాణదానమే. కాని కారణం తెలియని నొప్పికి అది మందు కాదు. అండాశయాలు కూడా తీసేస్తే ఆ వయసు నుంచే ఎముకలు బలహీనపడతాయి, గుండెజబ్బు ముప్పూ పెరుగుతుంది. ప్రాణం మీదికి వచ్చిన సమయం కాకపోతే, రెండో అభిప్రాయం లేకుండా కాగితం మీద సంతకం పెట్టకండి.

మందుల సంగతి. నొప్పి వచ్చినప్పుడల్లా మందులషాపు నుంచి నొప్పి మాత్ర తెప్పించుకోవడం అప్పు చేసి పప్పుకూడు తినడం లాంటిది. డైక్లోఫినాక్ వంటి మాత్రలు తరచుగా వాడితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలూ దెబ్బతినవచ్చు. లేని జబ్బు కొత్తగా వస్తుంది. పేరూ ఊరూ లేని భస్మాలూ వద్దు. కొన్నింటిలో సీసం వుంటుంది, ఆ సీసమే కడుపునొప్పి తెస్తుంది!

పథ్యం విషయంలో మన ఆడవాళ్ళది అతి. ఇవాళ పప్పు మానేసి, రేపు వంకాయ మానేసి, ఎల్లుండికి చారన్నంలో పడతాం. నెత్తురు తక్కువై నీరసం వస్తుంది, నొప్పి మాత్రం అలాగే వుంటుంది. ఒకసారికి ఒక్క పదార్థమే మానండి. రెండు మూడు వారాలు చూడండి. తేడా లేకపోతే దాన్ని మళ్ళీ విస్తట్లోకి రానివ్వండి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగలు, పాలు - ఇవి కొందరి పేగులలో పులిసి గాలి చేస్తాయి. అందరికీ అన్నీ కాదు. మీకేది పడదో పుస్తకమే చెబుతుంది.

డాక్టరుగారు ఎప్పుడైనా, "ఇది పేగుకూ మెదడుకూ మధ్య వున్న సంబంధంలో తేడా" అని, దిగులుకు వాడే మందు చిన్న మోతాదులో రాస్తే, "నాకు పిచ్చి అంటున్నారు" అని కన్నీళ్ళు పెట్టుకోకండి. మన పేగుల గోడలలో కోట్ల కొద్దీ నరకణాలున్నాయి. అవి మెదడుతో అనుక్షణం మాట్లాడుకుంటాయి. చాలాకాలం నొప్పి పడిన నరాలు, చిన్న చప్పుడుకే కేక పెట్టే పసిబిడ్డలా, మామూలు కదలికకు కూడా నొప్పి కబురు పంపుతాయి. ఆ మందు ఆ కేకను తగ్గిస్తుంది. ఐ.బి.ఎస్. రోగులకు అమిట్రిప్టిలిన్ అనే మందు తక్కువ మోతాదులో పనిచేస్తుందని 2023లో ఇంగ్లండు పరిశోధన ఒకటి తేల్చింది.

చివరగా, పేరు దొరికేదాకా రోజులు గడవాలి గదా! వేడినీళ్ళ సంచీ మంచిదే. కాని పలుచని తువ్వాలు చుట్టి, ఇరవై నిమిషాలకు మించకుండా పెట్టుకోండి. రోజూ అక్కడే కాలిస్తే చర్మం మీద నల్లని మచ్చలు పడతాయి. నొప్పి రాగానే మనం ఊపిరి బిగపడతాం. అలా కాకుండా పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఆ చెయ్యి పైకి లేచేటట్టు నెమ్మదిగా పీల్చి, అంతకన్న నెమ్మదిగా వదలండి. బాగున్న రోజు ఇల్లంతా దులిపి, బూజు కొట్టి, పచ్చళ్ళు పెట్టి, మర్నాడు మంచం పట్టడం మనకు అలవాటు. పని ముక్కలు చేసుకోండి. బాగున్న రోజూ కాస్త పనే, బాగులేని రోజూ కాస్త నడకే.

ఇంట్లోవాళ్ళతో "నాకు బాగాలేదు" అని ఊరుకోకండి. "ఇవాళ నొప్పి ఏడు మార్కులు. కూర నువ్వు తరుగు, కుక్కరు నువ్వు పెట్టు, బట్టలు మీరు ఆరేయండి" అని విడమరిచి చెప్పండి. పిల్లలకు మార్కుల భాష బాగా అర్థమవుతుంది. మావాళ్ళు స్కూలు నుంచి రాగానే, "అమ్మా, ఇవాళ ఎంత?" అని అడుగుతారు. మూడంటే ఆటకు పోతారు. ఏడంటే చెంబుతో నీళ్ళు తెచ్చి పెడతారు. సాక్షి లేని నొప్పికి ఇంట్లో అంతకంటె సాక్షులు ఎవరు కావాలి?

సోదరీమణులారా, కొందరి నొప్పికి పేరు తొందరగా దొరుకుతుంది, కొందరికి ఆలస్యంగా దొరుకుతుంది, కొందరికి దొరకకపోవచ్చు కూడా. పేరు దొరకనంత మాత్రాన వైద్యం ఆగనక్కరలేదు, నొప్పి తగ్గకూడదనీ లేదు. అడగడం మాత్రం మానకండి. ఇంటిల్లిపాది ఆరోగ్యం కనిపెట్టి చూసే మీరు, మీ కడుపు చెప్పే మాట కూడా వినండి. విన్నది రాయండి. రాసింది చూపించండి.